ఆపరేషన్ చేసారు సరే, ఆ తర్వాత తొమ్మిది నెలలు ఎవరు చూస్తారు?

సంపాదకుడు గారికి నమస్కారాలండి,

మాది విజయనగరం జిల్లా రాజాం దగ్గర పల్లెటూరు. 2022లో జిల్లాలు మార్చకముందు శ్రీకాకుళం జిల్లాలో ఉండేవాళ్ళం, ఇప్పటికీ ఆస్పత్రికైనా పెళ్ళి బట్టలకైనా శ్రీకాకుళమే వెళ్తాం. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు, డ్రస్సులు కుడతాను. మా ఆయన ఆటో తోల్తారు. మా పెద్దపాప ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది, కబడ్డీ ఆడుతుంది. మా ఇంట్లో పేపరు రాగానే ముందు తీసేది జిల్లా పేజీలో ఆటల వార్తలే, ఎవరు గెలిచారు, ఎవరు జిల్లా టీముకి సెలెక్ట్ అయ్యారు, కప్పు పట్టుకున్న ఫొటోలో మనవాళ్ళెవరైనా ఉన్నారా అని చూసుకుంటాం. కానీ ఆడుతూ మోకాలో భుజమో పోగొట్టుకుని ఇంట్లో మంచం మీద ఉన్న పిల్లల గురించి మాత్రం ఎప్పుడూ చదవలేదండి. మా పాపకి అలాగే మోకాలి ఆపరేషన్ అయి ఎనిమిది నెలలైంది కాబట్టి రాస్తున్నాను, కొంచెం పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఈ ఏడాది సంక్రాంతికి పక్కూళ్ళో పోటీలు పెట్టారు. వరి కోసేసిన మడి చదును చేసి సున్నంతో గీతలు గీసి లైట్లు కట్టారు. మా పాప కూతకెళ్ళింది, బోనస్ గీత దాటింది, వెనక్కి తిరిగింది, అంతే. ఎవరూ పట్టుకోను కూడా లేదు. ఎడం పాదం నేలలో దిగబడిపోయినట్టు ఉండిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగిపోయింది. టప్‌మని లోపల ఏదో తెగినట్టు వినపడిందమ్మా అని తర్వాత చెప్పింది. నేను అవతల జనంలో ఉన్నాను, అది మోకాలు పట్టుకుని కూలబడ్డం చూసాను గానీ ఎవరూ తగల్లేదు కదా ఏం కాదులే అనుకున్నాను. ఎవరో అబ్బాయి వచ్చి మడం పట్టుకుని కాలు లాగాడు, ఇంకెవరో నొప్పుల ఆయింట్‌మెంట్ పెట్టి రుద్దారు, ఇంటికొచ్చాక నేనే వేణ్ణీళ్ళ కాపడం పెట్టాను. తెల్లారేసరికి మోకాలు పనసకాయలా వాచిపోయింది. దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులు వేడి పెట్టకూడదు, రుద్దకూడదు, గుడ్డలో ఐస్ చుట్టి పదిహేను నిమిషాల చొప్పున పెట్టి కాలు ఎత్తులో ఉంచాలి అని నాకు తెలిసింది చాన్నాళ్ళకి. అక్కడ అంతమంది పెద్దవాళ్ళం ఉన్నాం, ఒక్కరికీ తెలీదు.

తర్వాత అందరిలాగే నాటు వైద్యుడి దగ్గర కట్టు కట్టించాం. మూడు వారాలకి వాపు తగ్గింది, నడిచేస్తోంది, అయిపోయిందనుకున్నాం. కానీ నీళ్ళ బిందె పట్టుకుని పక్కకి తిరిగితే మోకాలు జారిపోతున్నట్టు ఉంటోందమ్మా అనేది. రెండుసార్లు మెట్ల మీద పడబోయింది. అప్పుడు విశాఖపట్నం తీసుకెళ్ళి ఎంఆర్ఐ తీయిస్తే మోకాలి మధ్యలో ఉండే ఏసీఎల్ అనే లిగమెంటు పూర్తిగా తెగిపోయిందన్నారు, తొడ ఎముక కింద కాలి ఎముక ముందుకి జారకుండా, మెలిక పడకుండా పట్టి ఉంచేది అదేనట. పక్కన మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా కొంచెం చిరిగింది. పరీక్షలు అయ్యాక మార్చి నెలాఖర్న ఆపరేషన్ చేయించాం. చిన్న చిన్న రంధ్రాలు పెట్టి కెమేరాతో చేసారు, తొడ వెనక నుంచి దాని సొంత నరమే (కండని ఎముకకి పట్టి ఉంచే తాడులాంటిది, టెండన్ అంటారు) తీసి లోపల కొత్త లిగమెంటులా బిగించారు. డాక్టరు గారి పనితనంలో ఏ లోపమూ లేదు, ఆయన చేతికి దండం పెడతాను. అప్పు చేసాం, అది వేరే సంగతి.

లోపం ఎక్కడంటే, మూడో రోజు డిశ్చార్జ్ చేసినప్పుడు ఇచ్చిన కాయితం. అంతా ఇంగ్లీషు. మాత్రలు ఎప్పుడు వేసుకోవాలి, కుట్లు ఎప్పుడు తియ్యాలి, బ్రేస్ పెట్టుకోవాలి, చివర్లో ఫిజియోథెరపీ అని ఒక్క మాట. ఆ ఒక్క మాట మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదండి. ఫిజియోథెరపీ అంటే నడుం నొప్పి ముసలాళ్ళకి కరెంటు పెడతారు, అదే కదా అనుకున్నాం, మన పిల్లకి నొప్పి లేదు కదా మరి ఎందుకు అనుకున్నాం. చుట్టాలొచ్చి కాలు కదపకే గుంటా, లోపల కుట్లు ఊడిపోతాయి అని చెప్పేవారు. మేక కాళ్ళ సూపు, గుడ్లు, పాలు, దేనికీ లోటు చెయ్యలేదు. కదిపితే నొప్పి అనేది కాబట్టి మోకాలి కింద మెత్తటి తలగడ పెట్టేదాన్ని, అలా పెడితే హాయిగా పడుకునేది, నేనూ హాయిగా పడుకునేదాన్ని. ఆరు వారాలు పెట్టానండి ఆ తలగడ. నా చేత్తో నేను నా కూతురు కాలు వంకరగా ఎండబెట్టాను.

ఆరో వారం చెకప్‌కి వెళ్తే బోర్లా పడుకోమన్నారు. రెండు మడాలూ మంచం చివర పక్కపక్కన పెడితే కుడి మడం కిందకి ఉంది, ఎడం మడం నాలుగు వేళ్ళ ఎత్తు పైకి ఉంది. అంటే మోకాలు పూర్తిగా చాచుకోవడం లేదు. ఫిజియో చేయించలేదా అని అడిగారు. చేయించలేదన్నాను. ఆయన ఏమీ అనలేదు, పెన్ను పక్కన పెట్టేసారు. వచ్చేటప్పుడు బస్సులో మా పాప కిటికీ వైపు తిరిగి కూర్చుంది, విజయనగరం దాటేవరకు మాట్లాడలేదు.

ఆ తర్వాత శ్రీకాకుళంలో చిన్న క్లినిక్ నడుపుతున్న ఒక ఫిజియో అమ్మాయి గురించి తెలిసింది. మా పాప కన్నా ఏడెనిమిదేళ్ళు పెద్దదేమో అంతే. మొదటి రోజు గంటసేపు కూర్చోబెట్టి చెప్పింది, తెలుగులో, మా భాషలో. ఆ గంట మాకు ఆపరేషన్ రోజునే ఎవరైనా ఇచ్చుంటే ఇప్పుడు ఈ ఉత్తరం రాయాల్సిన పనే ఉండేది కాదు. ఆ అమ్మాయి చెప్పినవన్నీ ఇక్కడ రాస్తాను, ఎవరింట్లోనైనా పనికొస్తాయి.

మొదటిది, ఆపరేషన్ తర్వాత మొదటి రెండు వారాల్లో అన్నిటికన్నా ముఖ్యం కాలు పూర్తిగా చాచుకోవడం, మడవడం కాదు. తలగడ మోకాలి కింద పెట్టకూడదు, తువ్వాలు చుట్టి మడం కింద పెట్టాలి, అప్పుడు మోకాలు దాని బరువుకి అదే కిందకి దిగుతుంది. నొప్పిగా ఉంటుంది, కానీ ఆ నొప్పి మంచి నొప్పి. చాచుకోని మోకాలితో జీవితాంతం కుంటుతూ నడవాలి, పైగా మోకాలి చిప్ప వెనకాల అరుగుదల మొదలవుతుంది. రెండోది, మోకాల్లో నీరు వాపు ఉన్నంతకాలం తొడ ముందు కండకి మెదడు నుంచి ఆర్డరు సరిగ్గా వెళ్ళదట, కండ ఆరోగ్యంగానే ఉంటుంది కానీ పడుకుండిపోతుంది. మా పాప కాలు లేపమంటే లేవలేదు చూడండి, అది బద్ధకం కాదు, భయం ఒక్కటే కాదు, కండ నిద్రపోయింది. మడత పెట్టిన తువ్వాలు మోకాలి వెనక పెట్టి కిందకి నొక్కు నొక్కు అని ఆ ఫిజియో అమ్మాయి చెప్పి తొడ మీద వేళ్ళతో తట్టేది. నాలుగో రోజో అయిదో రోజో, చిప్పకి కొంచెం పైన చర్మం కింద ఏదో చిన్న చేపపిల్ల తోక ఆడించినట్టు కదిలింది. ఒక్క క్షణం. అమ్మా చూసావా అంది. చూసాను. మళ్ళీ చెయ్యి అన్నాను, మళ్ళీ కదిలింది. దేవుడు పూనినట్టు ఇద్దరం ఏడ్చేసాం.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ మొదటి రోజు ఆ అమ్మాయి టేపు కోసం డ్రాయర్లో వెతుకుతుంటే నా బ్యాగులో ఉందమ్మా అని నా టేపు ఇచ్చాను, టైలర్ని కదా ఎప్పుడూ ఉంటుంది. అది తిప్పి సెంటీమీటర్ల వైపు పెట్టింది. ఇరవై ఏళ్ళుగా ఆ టేపు అంగుళాల వైపే వాడాను, రెండో వైపు ఎందుకుందో కూడా ఆలోచించలేదు. మోకాలి చిప్ప పైనుంచి పది సెంటీమీటర్లు కొలిచి పెన్నుతో చుక్క పెట్టి అక్కడ తొడ చుట్టుకొలత తీసింది. కుడి తొడ 46. ఎడం తొడ 41న్నర. నాలుగున్నర సెంటీమీటర్ల కండ ఆరు వారాల్లో కరిగిపోయింది. జాకెట్టు చేతికి అర అంగుళం తేడా వస్తే ఆడవాళ్ళు నా మీద గొడవ పడతారు, నా కూతురి కాళ్ళకి అంత తేడా వస్తే నేను చూడలేదు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం పొద్దున్న తలస్నానం అయ్యాక గోడకి ఆన్చి కూర్చోబెట్టి కొలిచి, కొలతల పుస్తకంలో మా పాప పేరు మీద ఒక పేజీ పెట్టి రాస్తున్నాను.

మూడోది అన్నిటికన్నా తెలుసుకోవాల్సింది. లోపల బిగించిన ఆ కొత్త నరం మొదట్లో ప్రాణం లేని తాడులాంటిది. ఒళ్ళు దానికి రక్తం పంపించి, పాత దారాలు కరిగించి కొత్త దారాలు అల్లి, నెమ్మదిగా లిగమెంటుగా మార్చుకోవాలి. ఆ పని ఏడాది పైన పడుతుంది. ఈ మధ్యలో రెండో నెల మూడో నెల ప్రాంతంలో అది బాగా బలహీనంగా ఉంటుంది, సరిగ్గా అప్పుడే నొప్పి పోతుంది, వాపు పోతుంది, పిల్లలు నాకు తగ్గిపోయింది అనేస్తారు. కచ్చా కుట్టు మీద ఉన్న జాకెట్టు బయటికి చూడ్డానికి పూర్తయినట్టే ఉంటుంది, వేసుకుని చెయ్యి ఎత్తితే తెలుస్తుంది. అందుకే పరుగు మూడు నాలుగు నెలల దాకా లేదు, అదీ తిన్నగా, మలుపులు లేకుండా. పోటీ ఆటకి తొమ్మిది నెలల కన్నా ముందు వెళ్ళకూడదు, తొమ్మిది నెలలు నిండినా బలం పరీక్ష పాసవ్వాలి, దెబ్బ తగిలిన కాలు బలం, గెంతు రెండూ మంచికాలితో పోలిస్తే కనీసం 90 శాతం రావాలి. 25 ఏళ్ళ లోపు పిల్లలు ఏసీఎల్ ఆపరేషన్ తర్వాత మళ్ళీ ఆటలోకి వెళ్తే దాదాపు నలుగురైదుగురిలో ఒకరికి అదే కాలో రెండో కాలో మళ్ళీ తెగుతోందట. ఆడపిల్లలకి మగపిల్లల కన్నా అసలు ఈ దెబ్బ తగిలే అవకాశమే ఎక్కువ. ఇది నేను భయపెట్టడానికి రాయడం లేదు, ఆ భయం మొదట్నుంచీ కొంచెం ఉంటే తొందరపాటు తగ్గుతుందని రాస్తున్నాను.

వ్యాయామాలు అన్నాక ఏవో పెద్ద మిషన్లు కావాలేమో అనుకుంటారు. మాకు కావాల్సినవి ఒక చాప, రెండు తువ్వాళ్ళు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, గోడ. బరువు కట్టి కాలు లేపాలన్నప్పుడు కొనే స్తోమత లేక నేనే పాత జీన్స్ గుడ్డతో సంచీలు కుట్టి ఇసక నింపాను, అరకిలో ఒకటి, కిలో ఒకటి, కాలికి కట్టుకోవడానికి వెల్క్రో పెట్టాను. కాలు తిన్నగా చాచి లేపడానికే వాడాలి, కుర్చీలో కూర్చుని కాలు వేలాడేసి తన్నినట్టు లేపడానికి ఇప్పుడే వాడొద్దు, అలా చేస్తే కొత్త నరం మీద లాగుడు పడుతుందని ఆ అమ్మాయి గట్టిగా చెప్పింది. మరుగుదొడ్డి ఇంకో పెద్ద సమస్య. మన ఊళ్ళలో చాలావరకు గొంతుక్కూర్చునేవే కదా, మెనిస్కస్ కుట్టిన మోకాలితో నాలుగు నెలలు గొంతుక్కూర్చోకూడదు, బాసింపట్టు వెయ్యకూడదు. మా ఆయన పాత ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి మధ్యలో గుండ్రంగా కోసి అంచులకి రబ్బరు గొట్టం చీల్చి తొడిగారు. ఇలాంటివి ఏ ఆస్పత్రి కాయితంలోనూ ఉండవు గానీ ఆడపిల్లకి మొదటి వారం నుంచే కావాల్సింది ఇదే. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు అన్న చిన్న మాట కూడా ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?

మే నెలలో రోహిణీ కార్తె ఎండల్లో అదంతా చేసాం. మధ్యాహ్నం కరెంటు పోయేది, అందుకని తెల్లవారుజామున నాలుగున్నరకి లేపేదాన్ని, మేడ మీద చాప వేసేదాన్ని. రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి అరగంట. కొన్ని రోజులు చెయ్యనని గోలపెట్టేది. కబడ్డీ వద్దు ఏదీ వద్దు నన్ను ఒదిలేయండి అనేది. అప్పుడు దానికి ఆ ఫిజియో అమ్మాయే ఫోన్లో వినేశ్ ఫోగట్ వీడియోలు చూపించింది. 2016 రియో ఒలింపిక్స్‌లో చైనా అమ్మాయి సున్ యానన్‌తో కుస్తీ పడుతుండగా మోకాలు పోయి స్ట్రెచర్ మీద బయటికెళ్ళింది, రెండేళ్ళకి 2018 ఆసియా క్రీడల్లో అదే సున్ యానన్‌ని ఓడించి చివరికి బంగారు పతకం తెచ్చుకుంది. నీరజ్ చోప్రాకి 2019 మేలో మోచేతి ఆపరేషన్ అయింది, ఆ ఏడాది ప్రపంచ పోటీలు కూడా వదులుకున్నాడు, 2020 జనవరిలో తిరిగొచ్చి జావెలిన్ 87.86 మీటర్లు విసిరి ఒలింపిక్స్‌కి అర్హత తెచ్చుకున్నాడు, ఆ ఒలింపిక్స్‌లో ఏం చేసాడో అందరికీ తెలుసు. రిషభ్ పంత్‌ది ఆటలో దెబ్బ కాదు, 2022 డిసెంబర్ 30న కారు ప్రమాదం, మోకాలి లిగమెంట్లు పోయాయి, ఏడాది పైన బెంగళూరులో రిహాబ్ (మళ్ళీ బలం తెచ్చుకునే వ్యాయామాలు) చేసాడు. తిరిగొచ్చాక 2024 మార్చి 31న మన విశాఖ స్టేడియంలోనే చెన్నై మీద 51 కొట్టాడు, మా తమ్ముడు ఆ మ్యాచ్‌కి వెళ్ళాడు. హర్డిల్స్ పరుగులో ఆసియా చాంపియన్ మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ కూడా 2025లో మోకాలి లిగమెంటు దెబ్బతో పరుగుకి దూరమైంది. వాళ్ళకి పక్కన ఫిజియో ఉంటారు, కొలిచి చెప్పేవాళ్ళు ఉంటారు, ఇంకా ఒద్దు ఆగు అనేవాళ్ళు ఉంటారు. మన పల్లెటూరి పిల్లలకి ఆపరేషన్ దాకా అదే జరుగుతోంది, ఆ తర్వాతే ఎవరూ లేరు. తేడా అంతా అక్కడే ఉంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఒక్కో సిట్టింగుకి 300, బస్సు ఛార్జీలు ఇద్దరికీ రానూపోనూ, నాకు ఆ పూట కుట్టుపని పోతుంది. మొదట వారానికి మూడుసార్లు రమ్మంది, మేం ఒకసారే వెళ్ళగలిగేవాళ్ళం. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేసాక పొందూరు మీదుగా వెళ్ళే పల్లెవెలుగు ఎక్కి వారానికి రెండుసార్లు వెళ్తున్నాం. ఆ ఒక్కటే మా పాప కాలికి ఎంత మేలు చేసిందో నా పుస్తకంలో అంకెలు చూస్తే తెలుస్తుంది, జులై అంతా 43 దగ్గర ఆగిపోయిన తొడ సెప్టెంబర్‌కి 44 దాటింది. మగపిల్లలకి ఆ సౌకర్యం లేదు కదా, వాళ్ళ సంగతేంటి అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఆగస్టులోనే ఒక రోజు పాత కోచ్ ఫోన్ చేసారు. మంచివారే, మా పాపని ఆరో తరగతి నుంచి నేర్పించారు. టీములో ఒకమ్మాయి తగ్గింది, సెలెక్షన్స్ ఉన్నాయి, బానే నడుస్తోంది కదా పంపించమ్మా, కూతకి ఒద్దు డిఫెన్స్‌లో నిలబెడతాను అన్నారు. మా పాప నా మొహం చూసింది. అప్పటికి అయిదో నెల. నేను ఔననేద్దును, నిజం చెప్తున్నాను, అది ఆడితే చూడాలని నాకూ ఉంది. కానీ మా పక్కూరి అబ్బాయి ఒకడు వాలీబాల్ ఆడతాడు, వాడూ ఇలాగే అయిదో నెలలో వెళ్ళి ఒక స్మాష్ కొట్టి దిగేటప్పుడు అదే మోకాలు మళ్ళీ తెంపుకున్నాడు, రెండోసారి ఆపరేషన్‌కి డబ్బుల్లేక ఇప్పుడు మోకాలికి బ్యాండ్ కట్టుకుని ఎరువుల కొట్లో పనిచేస్తున్నాడు. అందుకని ఫిజియో అమ్మాయిని అడిగి చెప్తానండి అన్నాను. ఆ అమ్మాయి నేల మీద చాక్‌పీసుతో గీత గీసి ఒంటికాలి మీద గెంతమంది. కుడికాలు మీద 130 సెంటీమీటర్లు గెంతింది. ఎడంకాలు మీద 85. వంద అనుకుంటే 65. ఇంక మేం ఏమీ అడగలేదు, కోచ్ గారికి ఆ రెండు అంకెలే చెప్పాను, ఆయన కూడా అర్థం చేసుకుని ఇంక ఒత్తిడి చెయ్యలేదు. నేను ఆయన్ని తప్పు పట్టట్లేదు, ఆయన చేతిలో ఆ పరీక్ష లేదు, కంటికి బాగున్న కాలే కనపడింది.

ఇంకో విషయం, భయం. కండ పెరిగినా మనసు ఒప్పుకోదండి. ఒంటికాలి మీద మొదటిసారి గెంతమన్నప్పుడు మా పాప గీత దగ్గర పది నిమిషాలు నిలబడిపోయింది, ఎడంకాలు నేల మీద ఉంది, ఒంట్లో బరువంతా కుడి వైపే ఉంది. సంక్రాంతి రాత్రి ఆ పాదం ఎలా దిగబడిపోయిందో అదే గుర్తొస్తోందమ్మా అంది. ఫిజియో అంటే కండ ఒక్కటే కాదు, ఆ భయం పోగొట్టడం కూడా. చిన్న చిన్న గెంతులు, ఆగడం, తిరగడం, మోకాలు లోపలికి వాలిపోకుండా దిగడం, ఇవన్నీ మళ్ళీ నేర్పిస్తోంది, చంటిపిల్లకి అడుగులు నేర్పినట్టు. మొన్న పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్దామని ఏడ్చింది, ఆ తోపులాటలో ఎవరైనా తోస్తే ఎలా అని తీసుకెళ్ళలేదు, ఇంట్లోనే దండం పెట్టుకున్నాం.

మాది మోకాలు కాబట్టి మోకాలి గురించే రాసాను. భుజం జారిపోయి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకీ ఇదే కథ, నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్‌లో ఉంచాలి, తర్వాత నెమ్మదిగా కదిలించాలి, భయపడి మూడు నెలలు మెడలోనే వేలాడేసుకుంటే భుజం పట్టేస్తుంది, ఆ చెయ్యి పైకి లేవదు. మన దగ్గర వెయిట్‌లిఫ్టింగ్ చేసే పిల్లలు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు, నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ ఊరే దానికి పేరు, 2014 కామన్‌వెల్త్ పతకం తెచ్చిన మత్స సంతోషి ఆ ఊరి పిల్లే. ఆముదాలవలస పక్క పల్లె నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చి మన దేశంలో ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి ఆడమనిషి అయింది. శ్రీకాకుళంలో స్టేడియానికి కోడి రామ్మూర్తి గారి పేరు పెట్టుకున్నాం. ఇంత మంది బలవంతుల్ని కన్న నేల ఇది, దెబ్బతిన్న పిల్లల్ని మళ్ళీ లేపి నిలబెట్టే ఏర్పాటు కూడా ఇక్కడే ఉండాలి కదండీ.

మీ పత్రిక ద్వారా పెద్దవాళ్ళని నేను అడిగేవి ఎక్కువ లేవు. ఆపరేషన్ చేసిన ఏ ఆస్పత్రైనా, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, డిశ్చార్జ్ రోజున తెలుగులో బొమ్మలతో ఒక కాయితం ఇవ్వాలి, మొదటి వారం ఇది, రెండో వారం ఇది, ఇది చెయ్యకూడదు, పిక్క వాచి నొప్పిగా ఉన్నా జ్వరం వచ్చినా వెంటనే రావాలి అని. ఇంటికి వెళ్ళేముందు ఆ వ్యాయామాలు తల్లికో తండ్రికో ఒక్కసారి చేయించి చూపించాలి. రాజాం, పాలకొండ, చీపురుపల్లి, టెక్కలి లాంటి చోట్ల సర్కారు ఆస్పత్రుల్లో వారానికి రెండు రోజులైనా ఆటల దెబ్బల కోసం ఫిజియో కూర్చుంటే ఊళ్ళ నుంచి పిల్లలు వస్తారు. ఆపరేషన్‌కి డబ్బు సాయం చేసే దాతలు, ట్రస్టులు ఫిజియోకి కూడా కలిపి ఇవ్వండి, ఆపరేషన్‌కి ఇచ్చి ఆగిపోతే ఇచ్చిన డబ్బు సగం వృథా అవుతుంది. పీఈటీ మాస్టార్లు, కోచ్‌లు గెంతు పరీక్ష పాసైన కాయితం లేకుండా ఆపరేషన్ అయిన పిల్లని గ్రౌండులోకి దించొద్దు. కొంతమంది ఫిజియోకి డబ్బు దండగ, యూట్యూబ్ చూసి చేసుకోవచ్చు అంటారు. చేసేది ఇంట్లోనే, నిజమే, కానీ ఎవరి మోకాలికి ఏం కుట్టారో బట్టి చెయ్యాల్సింది మారిపోతుంది, ఎప్పుడు పెంచాలో ఎప్పుడు ఆపాలో కొలిచి చెప్పే మనిషి ఉండాలి. నేను కూడా జాకెట్టు కట్టింగు వీడియోలు చూసి నేర్చుకోలేదు, మా పిన్ని పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

సంక్రాంతి మళ్ళీ వస్తోంది. పోటీలు పెట్టే కుర్రాళ్ళకి ఒక్క మనవి. ఫ్లెక్సీకి, డీజేకి, బహుమతికి పెట్టే డబ్బులోంచి కొంచెం తీసి ఒక ఐస్ పెట్టె, ఒక స్ట్రెచర్, కాలికి కట్టే క్రేప్ బ్యాండేజీలు పెట్టండి. మడి గట్టిగా చదును చెయ్యండి, గుంటలు ఒదలొద్దు. ఆట ముందు పదిహేను నిమిషాలు గెంతులు, మలుపులతో ఒళ్ళు వేడెక్కించే వ్యాయామాలు చేయించండి, మోకాలి దెబ్బలు సగం అక్కడే తగ్గుతాయని ఫిజియో అమ్మాయి చెప్పింది. దెబ్బ తగిలిన పిల్ల కాలు పట్టుకుని ఎవరూ లాగొద్దు. మా ఊళ్ళో వాళ్ళకి ఇప్పటికే చెప్పాను, ఐస్ పెట్టె పెడతామన్నారు.

మా పాపకి ఆపరేషన్ అయి ఇప్పటికి ఎనిమిది నెలలు నిండాయి. మొన్న ఆదివారం ఎడం తొడ 45 వచ్చింది, కుడిది 46న్నర. గెంతు 112 దాకా వచ్చింది, కుడికాలు 130, ఇంకా 90 శాతం రాలేదు. ఈ సంక్రాంతికి ఆడదు, గట్టు మీద కూర్చుని చూస్తుంది. నేను కుట్టిన ఇసక సంచీలు అరకిలో, కిలో ఇప్పుడు దానికి తేలికైపోయాయి, అలమరలో ఉన్నాయి. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఆపరేషన్ అయిన పిల్లలు ఎవరైనా ఉంటే, వాళ్ళ ఫిజియో కట్టమని చెప్తే, వచ్చి పట్టుకెళ్ళండి, చాలకపోతే ఇంకా కుట్టిస్తాను, పాత జీన్స్ ప్యాంటు ఒకటి తెచ్చుకుంటే చాలు, కుట్టు కూలి ఒద్దు.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక కబడ్డీ పిల్ల తల్లి,
రాజాం మండలం, విజయనగరం జిల్లా.